ఏటేటి వెల్ల

మరమ్మతు అను మాట మనది కాదు. పారసీకమునుండి నవాబుల కచేరీలలోనికి, కచేరీలనుండి కరణముల దస్త్రములలోనికి, అచ్చటినుండి మన నాలుకలపైకి వచ్చి స్థిరపడిన యీ మాటకు సరియగు తెలుగు మాట యేదియని వెదకినచో, దేవాలయముల విషయమున వాడెడు 'జీర్ణోద్ధరణము' అను సంస్కృత సమాసమొకటి దొరకును గాని, మనుష్యులు కాపురముండు ఇంటికి ప్రత్యేకించి తగిన మాట వెంటనే తోచదు. 'బాగుచేయుట' యందురా, అది బియ్యమునకును చెల్లును, పొలమునకును చెల్లును, రోగికిని చెల్లును. ఇది భాషాదారిద్ర్యమని నేననుకొనను. పాడైన పిమ్మట పూర్వస్థితికి తెచ్చుట యను నర్థము గల మాట, పాడగువరకు ఊరకుండువారికి కావలసిన మాట. మన పల్లెటూరి ఇల్లాలికి దానితో అవసరము కలుగలేదు. ఆమెకు అలుకుట యుండెను, పూయుట యుండెను, కల్లాపి చల్లుట యుండెను. ఆమె పెనిమిటికి కప్పు నేయించుట, దడి కట్టించుట, వెల్ల వేయించుట యుండెను. వీనిలో కొన్ని నిత్యములు, కొన్ని శుక్రవారము శుక్రవారము జరుగునవి, కొన్ని సాంవత్సరికములు. తాళపుచెవి చేత పుచ్చుకొన్న దినముననే ఇల్లు పూర్తియైనదని మనము నేడు తలచుచున్నాము; రెండుమూడు తరముల క్రిందటివరకు తెలుగుదేశమున ఇల్లెన్నడును పూర్తియై యుండలేదు. ఏటేట క్రొత్తది కావలసిన వస్తువులతోనే దానిని కట్టిరి.

ఆ వస్తువులలో అగ్రపూజ సున్నమునకు చెందవలెను. సంస్కృతమున సుధ యనగా అమృతము, సుధ యనగా సున్నమును. ఆ సుధ పూసినది కనుకనే ఇల్లు 'సౌధము' అయినది. సౌధమనగానే మనము అంతస్తులను లెక్కించుచున్నాము గాని, వ్యుత్పత్తి ననుసరించి చూచినచో వెల్లవేసిన ఒంటినిట్రాడు గుడిసెయు సౌధమే, వెల్ల యెఱుగని ఏడంతస్తుల మేడయు సౌధము కాదు. మనము వాడుకొను 'సున్నము' అను మాట మాత్రము 'చూర్ణము' నుండి ప్రాకృతము మీదుగ వచ్చినది. ఒక పేరు దానిని అమృతముతో పోల్చినది, రెండవ పేరు దానిని పిండిగ చూచినది. మొదటిది కవులకు చెల్లెను, రెండవది తాపీ పనివాండ్రకు చెల్లెను. నేను ఈ విషయమున తాపీ పనివాండ్ర పక్షము.

కట్టడముల బాగోగులు చూచుటను ధర్మకార్యముగ నెంచిరని మన శాసనములు చెప్పుచున్నవి. అమరావతిలోను, ఇక్ష్వాకుల కాలమునాటి నాగార్జునకొండలోను దొరికిన ప్రాకృత శాసనములందు 'నవకమ్మిక' అను నుద్యోగము కనబడును. నవకర్మ యనగా క్రొత్త పని. విహారమున జరుగు కట్టడపు పనులను కనిపెట్టియుండు భిక్షువు నవకర్మికుడు. నాగార్జునకొండ శాసనమొకదానిలో ముగ్గురు థేరులు ఈ పనిని నడపిరని వారి పేర్లతో సహా చెక్కబడియున్నది. సంసారమును విడిచినవారికి సయితము గోడల బాధ తప్పలేదన్నమాట. తరువాతి కాలమున రాజులును, వర్తకులును దేవళములకు వ్రాసియిచ్చిన దానశాసనములలో 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధారము' అను పదబంధము మంత్రమువలె మరల మరల వచ్చును. విరిగినదానికి, పగిలినదానికి, శిథిలమైనదానికి ఇంత పొలముపై ఆదాయమని ముందే విడదీసి పెట్టిరి. గుడి కట్టుచున్ననాడే గుడి పగులునని తలచి, పగుళ్ళకు భూవసతి చేసిన ఆ వ్యవహారజ్ఞానము, అపార్టుమెంటు కొన్న మరునెలయే నెలసరి నిర్వహణ రుసుముకై తగవులాడుకొను మనకు కొంత వింతగ తోచవచ్చును.

సున్నము పుట్టుక చిత్రమైనది. సున్నపురాతిని బట్టీలో పేర్చి, నడుమ నడుమ బొగ్గును కట్టెను ఉంచి, దాదాపు 900 డిగ్రీల వేడిమికి కాల్చినచో, అందలి బొగ్గుపులుసు గాలి వెడలిపోయి 100 మణుగుల రాయి 56 మణుగుల సున్నమై మిగులును. దానిపై నీరు చిలికినంతనే బుసకొట్టి, ఆవిరులు గ్రక్కి, పొంగి, విచ్చి పిండియగును. ఆ పిండిని తడిపి గోడకు పూసినచో, బట్టీలో పోగొట్టుకొన్న గాలినే చుట్టునున్న వాయుమండలమునుండి మెల్లమెల్లగ తిరిగి పీల్చుకొని మరల రాయి యగును. వెల్లవేసిన గోడపై నున్నది కాగితమంత మందమున తిరిగి పుట్టిన కొండ. సముద్రతీరమున రాతికి బదులు ఆలుచిప్పలను, నత్తగుల్లలను కాల్చిరి. అది గుల్ల సున్నము, మిక్కిలి తెల్లనిది. పులికాటు సరస్సు అడుగున యుగములుగ పేరుకొన్న గుల్లలు పడవలకెక్కి చెన్నపట్టణపు మేడలపై తేలినవి. గ్రుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి, బెల్లపు నీరు కలిపి, పలుచని పూతపై మరియొక పలుచని పూత వేసి, తుదకు నున్నని గులకరాతితో గంటల తరబడి రుద్ది తెచ్చిన ఆ మెరుగును చూచి, అది పాలరాయియే యని భ్రమించితిమని కుంఫిణీ కాలపు తెల్లవారు తమ యాత్రావర్ణనములలో వ్రాసికొనిరి.

ఇటుక పేర్చుటకు, గోడకు మందముగ పూయుటకు వాడు సున్నము వేరు. వలయాకారమున రాతితో కట్టిన కాలువలో సున్నమును ఇసుకను పోసి, నీరు చల్లుచు, బరువైన రాతిచక్రమును ఎద్దులచేత త్రిప్పించెడివారు. నూనెగానుగవలె తిరుగును గనుక అది గానుగ సున్నము. తెలంగాణమున డంగు సున్నము. ఉదయము పోసినది మధ్యాహ్నమునకు గాని మేస్త్రి మెచ్చడు. పిడికెడు తీసి బొటనవ్రేలితో నలిపి చూచి, పలుకు తగిలినచో మాటాడక మరల కాలువలో వేసి ఎద్దును అదలించును. నలగగొట్టి నానవేసిన కరక్కాయల నీరు, బెల్లపు నీరు ఇందులో కలియును. బెల్లము పట్టునిచ్చునని, కరక్కాయ బిగువునిచ్చునని మేస్త్రుల మాట. 'ఒళ్ళు సున్నము చేయుదును' అని, 'సున్నములోనికి ఎముకైనను మిగులకుండ కొట్టుదును' అని మనవారు తిట్టుకొనుట వినునప్పుడు, ఈ జాతీయములు గానుగ ప్రక్కనే పుట్టియుండునని నాకు తోచును. సున్నమెంత నలగవలెనో కంటితో చూడనివానికి అంతటి తిట్టు స్ఫురించదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమునే 'వజ్రలేపము'నకు కేటాయించి, పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మున్నగువానిని కాచి ఎనిమిదవ వంతునకు దించి, జిగురులు కలిపి గోడలకును, విగ్రహములకును పూసినచో అది కోటి సంవత్సరములు నిలుచునని చెప్పెను. 6వ శతాబ్దపు ఆ హామీ గడువు తీరుటకు ఇంకను చాల కాలమున్నది గనుక మనమాయనను తప్పుపట్టలేము. ఊరి మేస్త్రి మాత్రము కోటి యేండ్ల మాట యెన్నడును ఎత్తలేదు. వచ్చే సంక్రాంతికి మరల రావలసియుండునని చెప్పి కూలి పుచ్చుకొనిపోయెను.

సున్నపు చరిత్రలో ఒక చీకటి పుట యున్నది. 18వ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి అమరావతిని రాజధానిగ చేసికొన్నప్పుడు, క్రొత్త ఊరికి ఇండ్లు లేవవలసియుండెను, ఇండ్లకు రాయియు సున్నమును కావలసియుండెను. ఊరి ప్రక్కనే దీపాలదిన్నె యను మట్టిదిబ్బ. త్రవ్వినవారికి పలనాటి సున్నపురాతి పలకలు కట్టలు కట్టలుగ దొరికినవి. వానిపై పద్మములు, నాగులు, బుద్ధుని కథలు చెక్కియుండెనన్న సంగతి బట్టీకి అడ్డు రాలేదు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి మహాచైత్యమున మిగిలినది కొలదియే. మెట్లయినవి కొన్ని, గోడలయినవి కొన్ని, కాలి సున్నమైనవి మరికొన్ని. తక్కినవి తరువాత చెన్నపట్టణమునకును, లండనునకును చేరి అద్దాల వెనుక నిలిచినవి. ఆ ఊరి జనమును నిందించుటకు నాకు మనసు రాదు. వారికది దగ్గఱలో దొరికిన మంచి రాయి. కాని అప్పటి అమరావతిలో సంక్రాంతికి వెల్లవేసికొన్న ఇల్లాలు తన గోడపై ఏ జాతకకథను పూసికొన్నదో ఎవరు చెప్పగలరు?

ఇదంతయు కలిగినవారి మాట. మట్టిగోడ వారి శాస్త్రము వేరు. అందు బట్టీ లేదు, గానుగ లేదు; మన్ను, పేడ, ఊక, చేయి. మా మామ్మ యిల్లు అలుకుట నాకింకను కన్నులకు కట్టినట్లున్నది. గురువారము సాయంకాలముననే ఎఱ్ఱమన్ను పాతకుండలో నానవేసి, రాళ్ళు ఏరివేసి ఉంచును. తెల్లవాఱి ఆవుపేడ తెచ్చి కలుపును. నిన్నటి పేడ పనికిరాదు. అలికిన నేల పొడిగ లేచునట. కుండను ప్రక్కన పెట్టుకొని, గది మూలనుండి మొదలు పెట్టి, చేతిని ఎడమనుండి కుడికి అర్ధచంద్రముగ త్రిప్పును. ఒక చంద్రవంకపై సగము కప్పునట్లు మరియొక చంద్రవంక. చేప పొలుసులవలె వరుసలు వరుసలుగ నేల నిండును. తాను వెనుకకు వెనుకకు జరుగుచు, గడప చేరుసరికి ఒక్క అడుగైనను పడని తడినేల లోపలను, నడుము పట్టుకొని లేచుచున్న మామ్మ బయటను ఉందురు. "ఒరేయ్, ఆరేదాకా ఎవడన్నా లోపల కాలు పెట్టాడో, వాడికివాళ అన్నం లేదు" అని కేకవేసి, చేయి కడుగుకొనకయే అరుగు అంచులకు పోవును. పేడలోని పీచు మట్టిని పట్టియుంచుననియు, పగుళ్ళను ధూళిని ఆపుననియు నేను తరువాత పుస్తకములలో చదివితిని. ఆమె చదువలేదు, గోటితో గీచి చూచెడిది. ఇల్లలుకుచు తన పేరు మరచిపోయిన ఈగ కథ చెప్పి మమ్ము నవ్వించినది ఆమెయే. నాగార్జునకొండ థేరుల పేర్లు రాతిపై నిలిచినవి. ఈ నేలలు అలికిన చేతుల పేర్లు ఏ రాతిపైనను లేవు, కథలోని ఈగకు సయితము పేరు తనంతట గుర్తు రాలేదు. చిన్ననాడు నవ్వు తెప్పించిన కథ యిప్పుడు నాకు అంతగ నవ్వు తెప్పించుటలేదు.

గోడ, నేల తరువాత కప్పు. కప్పును మనము 'నేసితిమి'. బట్టకును ఇంటికప్పునకును ఒకే క్రియ వాడుట నాకెప్పుడును ముచ్చటగ నుండును. తాటాకును ఎండల ముందు కొట్టి, ఒకదానిపై నొకటి పేర్చి, పైన రాళ్ళెత్తి, ముడుతలు విప్పి చదునైన పిమ్మట గాని కప్పునకెక్కింపరు. రెండు మూడేండ్లకు మరల నేయవలసినదే. ఉత్తరాంధ్ర తీరమున చుట్టిండ్లు వెలసినవి: గుండ్రని మట్టిగోడ, దానిపై ఇంచుమించు నేలదాక దిగిన తాటాకు గొడుగు. మూలలు లేవు గనుక తుపానుగాలికి పట్టు దొరకదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట తరువాత మూడేండ్లకును పూర్తియై డెల్టా పొలములు పండిన పిమ్మట, తాటాకు స్థానమున గూనపెంకు మండువా లోగిళ్ళు లేచినవి. నాలుగు వాలులనుండి జారిన వాననీరు నడుమ మండువాలో ధారలుగ పడుచుండ, చుట్టును వసారాలలో జనము పనులు చేసికొనెడివారు. గూనపెంకునకు కోతియు, కాకియు, పిల్లల గోటీబిళ్ళయు శత్రువులు. వైశాఖమున పెంకంతయు దింపి, చెత్త దులిపి, పగిలినవి పారవేసి మరల నేయించుట పెండ్లి చేసినంత పని. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరున పెంకు కర్మాగారము స్థాపించి, ఒకదానికొకటి కొక్కెమువలె పట్టుకొను చదునుపెంకును దేశముమీదికి వదలిరి. మనవారు దానిని ఏ కారణముననో 'బెంగుళూరు పెంకు' అని పిలిచిరి. మంగళూరునకు అన్యాయము జరిగెను గాని, ఏటేట పెంకు తిరుగవేయు బాధ సగము తగ్గెను. ఉద్యోగము పోయినవారిలో పెంకు నేయువాడు మొదటివాడు.

రాయలసీమ మిద్దె కథ నాకు వీనన్నిటికంటె ఎక్కువ ఇష్టము. అనంతపురమున ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అంత తక్కువ వానకు వాలుకప్పు దండుగ. దూలములపై దంతెలు, దంతెలపై కట్టెలు, ఆకు, మట్టి, అన్నిటికి పైన చవుడు. పంటకు పనికిరాదని రైతు శపించు ఆ ఉప్పునేల మట్టికి ఒక గుణమున్నది. తడియగానే దాని రేణువులు విడిపోయి, సందులన్నిటిని పూడ్చి, నీటిని క్రిందికి దిగనీయవు. పొలమున పైరును చంపు గుణమే మిద్దెపై ఇంటిని కాచును. తొలకరికి ముందు బండ్లపై చవుడు తెచ్చి మిద్దెకు ఎత్తుట ఊరంతటికి ఒకేసారి వచ్చు పని. నడివానలో కారినచో, ఇంటి పెద్ద గోనెపట్టా కప్పుకొని నిచ్చెన ఎక్కి, కారుచోట రెండు తట్టల చవుడు వేసి కాలితో తొక్కి దిగివచ్చును. వెలుతురుకై మిద్దెలో విడిచిన గవాచిపై మూకుడు బోర్లించుట కూడ ఆ ప్రయాణముననే జరుగును.

పండుగలు ఈ పనుల క్యాలెండరు. కృష్ణా గోదావరి మండలములలో సంక్రాంతి, తెలంగాణమున దసరా వెల్లకు గడువులు. వానకాలమున గోడ తిన్న దెబ్బ అప్పటికి ఆరియుండును. పంట చేతికి వచ్చియో, రానుండియో చేతిలో నాలుగు డబ్బులు మెదలును. కూలివాండ్రకు తీరిక దొరకును. దేవుడు తరువాత వచ్చెనని నేననను గాని, గోడ ఆరుట, పంట వచ్చుట, పండుగ వచ్చుట ఒకేచోట కలియుట యాదృచ్ఛికము కాదు. తెలంగాణపు గోడకు పైన సున్నము, క్రింద జాజు, వాకిట సానుపు. కోస్తాలో జాజు బదులు ఎఱ్ఱమన్ను పట్టీ, సానుపు బదులు కల్లాపి. వస్తువు ఒకటే, పేర్లు రెండు. సీతంపేట కొండల సవరలు ఎఱ్ఱమన్ను పూసిన గోడపై బియ్యపుపిండితో మనుష్యులను, జంతువులను, చెట్లను గీసి, ఆ గోడనే పూజాస్థానము చేసికొనిరి. వెల్లవేయుటలో ఒక మెలకువ యున్నది. సున్నము తడిగ నున్నంతసేపు గోడపై ఉన్నట్లే తోచదు. క్రొత్తవాడు భయపడి మరల మరల పూయును. మొగలి ఊడను నలగగొట్టి చేసిన కుంచెతో, గంజియు ఉప్పును కలిపి, చిటికెడు నీలిమందు వేసిన పలుచని సున్నమును అనుభవశాలి ఒక్కసారి నిలువుగ, ఒక్కసారి అడ్డముగ తీసి, చుట్ట కాల్చుకొనుటకు పోవును. చుట్ట అయిపోవుసరికి గోడ తెల్లబడును. 'ఇల్లలకగానే పండుగ కాదు' అను సామెత అక్షరాల నిజమే. అలకనిదే పండుగ రాదనుటయు అంతే నిజము.

పెరటి సంగతి క్లుప్తముగ చెప్పెదను. అది చెప్పదగినంత పెద్దది గాక కాదు, దానికి వేరు వ్యాసము కావలెను. తాటిమట్టలతోనో, కంపతోనో కట్టిన దడి ఏటికొకసారి మార్చవలసినదే. మట్టితో పెట్టిన ప్రహరికి వానకాలమున తాటాకు టోపీ పెట్టెడివారు. పాత దడి పొయ్యిలోనికి పోవును, పొయ్యి బూడిద గిన్నెలకును పాదులకును పోవును, పెంటపోగు పొలమునకు పోవును. పారవేయుటకు ఏమియు మిగులని దొడ్డి అది. తులసికోటకు మాత్రము ఇల్లు మట్టిదైనను సున్నము పూసిరి.

అంతట సిమెంటు వచ్చెను. విచిత్రమేమన, దక్షిణాదిన దాని తొలి ప్రయత్నము మన గుల్లలతోనే జరిగినది: 1904లో చెన్నపట్టణమున సముద్రపు గుల్లలను ముడిసరకుగ తీసికొని ఒక కర్మాగారము సిమెంటు చేయబూని విఫలమయ్యెను. 1914లో పోరుబందరున పని సాగినది. 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారము వెలసెను. అమరావతి శిల్పికి పలక యిచ్చినదియు, పిడుగురాళ్ళ బట్టీలకు రాయి యిచ్చినదియు ఆ పలనాటి సున్నపురాతి సీమయే. అయినను చాలకాలము సిమెంటు పర్మిటుపై దొరకు వస్తువు. 1982లో కొంత, 1989లో పూర్తిగ నియంత్రణ తొలగిన తరువాతనే అది పల్లెటూరి అంగడిలో ఉప్పుబస్తా ప్రక్కన కూర్చున్నది. సిమెంటును తేలికగ ఆడిపోసికొనుట నేటి ఫ్యాషను, నాకది నచ్చదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చినప్పుడు తాటాకును మట్టియు ఎవరిని కాపాడలేదు. పదివేలకు పైగ జనము ఒక్కపెట్టున పోయిరి. ఆ తరువాత 'పక్కా యిల్లు' అను మాట పేదవాని నోట ఒక కోరికగ నిలిచినచో, దానిని రుచిభేదముగ చూచువాడు ఆ తీరమున ఒక్క వానకాలమైనను గడపియుండడు. అలుకుటలో ఎంత అందమున్నను, యాభై యేండ్లు వంగిన నడుము ఆ అందమునకు వెల. మామ్మకు గచ్చునేల దొరికిననాడు ఆమె కన్నీరు పెట్టుకొనలేదు, కాలు చాచుకొని కూర్చున్నది.

నా ఫిర్యాదు చిన్నది. క్రొత్త యింటికి క్రొత్త వస్తువు సరియే. పాత గోడపై దానిని పూయుట గూర్చియే నా మాట. మా ఊరి యింట, ముత్తాత కట్టించిన సున్నపు గోడలకు అడుగున పెచ్చులు ఊడుచున్నవని, పదేండ్ల క్రిందట ఒక మేస్త్రి సలహాపై మొలబంటి ఎత్తున సిమెంటు పూయించితిని. అద్దమువలె నుండెను. మూడు వానకాలములలో సిమెంటు గట్టిగనే యుండెను; దాని పై అంచున, మునుపెన్నడును చెమ్మ యెఱుగని చోట, గోడ తెల్లని ఉప్పుపువ్వు పూచి రాలసాగెను. నేలనుండి ఎక్కిన చెమ్మ వెలికి వచ్చు దారి లేక పైకి ప్రాకినదని తరువాత తెలిసినది. గోలకొండ క్రింద కుతుబ్‌షాహీ సమాధులపై 2013లో ఆరంభమైన పరిరక్షణపు పనిలో, గత శతాబ్దమున పూసిన సిమెంటును ఒలిచివేసి మరల సున్నమే పూసిరని చదివినప్పుడు, సుల్తానులకు పట్టిన గతియే నాకును పట్టినదని కొంత ఊరట చెందితిని.

పొరుగూరినుండి ఒక ముసలి మేస్త్రిని పిలిపించితిని. ఆయన గోడను చూడలేదు, విన్నాడు. తాపీ పిడితో అడుగడుగునకు తట్టుచు, చెవి యొగ్గి గది చుట్టును తిరిగి, ఒకచోట ఆగెను.

"గుల్ల పలుకుతోందండి బాబూ. పైది రాయే, కాని గోడతో దానికి పొత్తు లేదు."

తాపీ కొన లోపలికి దూర్చి ఒక్క మలుపు త్రిప్పగా అరచేతి వెడల్పున సిమెంటు పలక ఊడివచ్చెను. దాని వీపున మా పాత వెల్ల అట్టవలె అంటుకొనియుండెను. నేను దానిని కిటికీ వెలుతురున పట్టి చూచితిని. అంచున సన్నని గీతలు, తెలుపు, నీలిఛాయ, తెలుపు, ఒకచోట ఎఱుపు, మరల తెలుపు. లెక్కపెట్టబోయి ముప్పది దాటిన తరువాత లెక్క తప్పితిని. ఒక్కొక్క గీత ఒక్కొక్క సంక్రాంతి. ఆ ఎఱుపు ఏ యేటిదో, ఎవరి పెండ్లికి వేయించినదో చెప్పగలవారు ఇంట నెవరును లేరు.

"ఇదంతా ఒలిచేసి, గానుగ లేకపోయినా రోట్లోనైనా రుబ్బి పూసేస్తానండి. సున్నం నేను తెచ్చుకుంటాను. బెల్లం, కరక్కాయలు మీరు తెప్పించండి" అనెను.

అంగడికి పోయి అయిదు కిలోల కరక్కాయలు కావలెనంటిని. అంగడివాడు తూచుటకు చేతిలోనికి తీసికొన్న చిన్న పొట్లపు కాగితమును అట్లే పట్టుకొని నన్ను ఎగాదిగా చూచి, "అయిదు కిలోలే! ఇంట్లో అందరికీనా అండీ దగ్గు?" అని అడిగెను.